స్టీలు పళ్లేనికి అయస్కాంతం ఎందుకు అతుక్కోదు?

అమ్మా, మీ ప్రశ్న చదివాక ముందు మీ అమ్మాయిని మెచ్చుకోవాలనిపించింది. ఆరో తరగతి ప్రాజెక్టు కోసం "అయస్కాంతం లోహాలను ఆకర్షిస్తుంది" అని రాసుకుని, అంతటితో ఊరుకోకుండా వంటింట్లోకి వెళ్లి పళ్లేనికి పెట్టి చూసింది. అతుక్కోలేదు. "పళ్లెం నకిలీదా, అయస్కాంతం నకిలీదా?" అని మిమ్మల్ని నిలదీసింది. అయస్కాంతాన్ని విరిస్తే ఉత్తర ధ్రువం ఏ ముక్కలోకి పోతుందన్నది ఆమె రెండో ప్రశ్న. ఇంట్లో చూపించదగ్గ ఉపయోగాలేమిటి, ఆన్‌లైన్‌లో దొరికే బాగా బలమైన అయస్కాంతాలు కొనవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాల పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాడిని, కాబట్టి కాస్త పొడవుగానే రాస్తాను, ఓపిక పట్టండి.

పళ్లెమూ నకిలీది కాదు, అయస్కాంతమూ నకిలీది కాదు. తప్పంతా ఆ వాక్యంలో ఉంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం, వెండి, బంగారం, తగరం, సీసం, ఇవన్నీ లోహాలే. వీటిలో ఒక్కటీ అయస్కాంతానికి అతుక్కోదు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర గట్టిగా అతుక్కునేవి ఇనుము, నికెల్, కోబాల్టు, వీటితో చేసిన కొన్ని మిశ్రమాలు. ఇంట్లో మనకు తగిలేది దాదాపుగా ఇనుమే. మన పెద్దలు ఆ సంగతిని పేరులోనే పెట్టారు. సూదిని అంటుకునే రాయి కాబట్టి సూదంటురాయి. సంస్కృతంలో అయస్సు అంటే ఇనుము, అయస్కాంతం అంటే ఇనుముకు ప్రియమైనది. "లోహకాంతం" అని ఎవరూ అనలేదు చూడండి.

ఇక్కడ మీ అమ్మాయి ఊరుకోదు. "స్టీలులో ఉండేది ఇనుమే కదా తాతయ్యా?" అంటుంది. అవును, మన వంటింటి మంచి రకం స్టీలులో 70 శాతానికి పైగా ఇనుమే. మిగతా దానిలో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్. క్రోమియం తుప్పు పట్టకుండా కాపాడుతుంది. నికెల్ వల్ల లోపల పరమాణువులు పేర్చుకునే తీరే మారిపోతుంది. ఆ కొత్త అమరికలో ఇనుము పరమాణువులు అన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలబడలేవు. అయస్కాంతానికి పట్టు దొరకదు. అంటే, వస్తువు దేనితో తయారైందన్నది ఒక్కటే చాలదు, లోపల ఎలా పేర్చి ఉందన్నది కూడా చూడాలి. పిల్లలకు ఈ మాట చెప్పే అవకాశం బడిలో అరుదుగా వస్తుంది. మీకు పళ్లెం రూపంలో వచ్చింది, వదులుకోకండి.

నికెల్ లేకుండా క్రోమియం మాత్రమే కలిపిన స్టీలు కూడా ఉంది. దానికి అయస్కాంతం చక్కగా అతుక్కుంటుంది. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే స్టీలు గిన్నెల అడుగున ఉండేది చాలావరకు ఆ రకమే. పొయ్యికి పనికొచ్చే గిన్నె ఏదో తేల్చుకోవడానికి అడుగున అయస్కాంతం పెట్టి చూడమని చెప్పేది అందుకే. గిన్నెల దుకాణాల్లో "అయస్కాంతం అతుక్కోకపోతేనే అసలైన స్టీలు" అని ఒక మాట నడుస్తుంటుంది. సగమే నిజం. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకానికి కూడా అతుక్కోదు. అయస్కాంతాన్ని బట్టి గిన్నె నాణ్యత తేల్చకండి.

ఇంకో సంగతి. అతుక్కోదనుకున్న ఆ పళ్లెమే తీసుకుని అంచు మడత దగ్గరా, లోతైన గిన్నె అయితే మూల వంపు దగ్గరా మెల్లగా జరిపి చూడమనండి. మధ్యలో ఏమీ తెలియదు కానీ, వంపు దగ్గర వేలికి సన్నగా లాగినట్టు తగలవచ్చు. ఫ్యాక్టరీలో రేకును నొక్కి వంచినప్పుడు అక్కడ లోపలి అమరిక కొంత పాత తీరుకు తిరిగిపోతుంది. ఇది కనిపెట్టిన పిల్ల ముఖం చూడాలి, అంతే.

తర్వాత చిల్లర డబ్బా తీయమనండి. ఇప్పుడు చలామణిలో ఉన్న రూపాయి నాణెం క్రోమియం స్టీలుది, టక్కున అతుక్కుంటుంది. పసుపు రంగు ఐదు రూపాయల బిళ్ల అతుక్కోదు. ఎక్కడైనా పాత మందపాటి తెల్ల ఐదు రూపాయల బిళ్ల దొరికితే మరీ మంచిది. అందులో 75 శాతం రాగి, 25 శాతం నికెల్. నికెల్ ఉన్నా సరే, అతుక్కోదు. రాగితో కలిసిపోయాక నికెల్ తన గుణం పోగొట్టుకుంది. పళ్లెంలో ఇనుముకు పట్టిన గతే ఇక్కడ నికెల్‌కు పట్టింది.

అసలు లోపల ఏం జరుగుతోందో పిల్లలకు చెప్పడానికి నేను తిరునాళ్లను వాడుకునేవాడిని. ఇనుప మేకులో కంటికి కనిపించని చిన్న చిన్న పేటలుంటాయి. ఒక్కో పేట ఒక బుల్లి అయస్కాంతం. మామూలప్పుడు తిరునాళ్లలో జనంలాగా ఒకరు మిఠాయి కొట్టు వైపు, ఒకరు రంగులరాట్నం వైపు, ఎవరి దారి వారిది. ఒకరి బలాన్ని ఒకరు కొట్టేసుకుంటారు కాబట్టి మేకు అయస్కాంతంలా కనిపించదు. రథం కదిలిందనుకోండి, ముఖాలన్నీ అటే. అయస్కాంతం దగ్గరికి తేవడమంటే రథం కదలడమే. రథం వెళ్లిపోయాక మెత్తని ఇనుములో జనం మళ్లీ చెదిరిపోతారు. గట్టి ఉక్కులో అలాగే చూస్తూ నిలబడిపోతారు, అదే శాశ్వత అయస్కాంతం. అయస్కాంతాన్ని సుత్తితో కొడితే, పదే పదే కింద పడేస్తే, బాగా కాలిస్తే జనం చెల్లాచెదురవుతారు, బలం పోతుంది. ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇక అయస్కాంతాన్ని లెక్కచేయదు. కొలిమిలో ఎర్రగా మండే ఇనుమును అయస్కాంతంతో ఎత్తలేరు.

విరిచే ప్రశ్నకు మాటల్లో జవాబు చెప్పకండి, చేసి చూపించండి. కుట్టు సూది ఒకటి తీసుకోండి. అయస్కాంతం ఉత్తర ధ్రువాన్ని సూది బెజ్జం దగ్గర ఆనించి మొన వరకూ రుద్ది, పైకెత్తి, గాల్లోంచి వెనక్కి తెచ్చి మళ్లీ బెజ్జం దగ్గర పెట్టాలి. ముందుకీ వెనక్కీ రుద్దకూడదు, చేసింది చెడిపోతుంది. ముప్పై నలభై సార్లు చాలు. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు పోసి, చిన్న థర్మాకోల్ ముక్క మీదో ఎండిన రావి ఆకు మీదో సూదిని పడుకోబెట్టి వదలండి. అయస్కాంతాన్నీ ఫోనునూ దూరంగా పెట్టాలి సుమా. కొద్దిసేపు ఊగిసలాడి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. మొన ఎటు తిరుగుతుందో ముందే పందెం కాయమనండి. ఉత్తర ధ్రువంతో రుద్దాం కదా, మొన కూడా ఉత్తరమే అవుతుందని చాలామంది అంటారు. కాదు. ఉత్తర ధ్రువం ఎక్కడ సూదిని వదిలి లేచిందో ఆ కొన దక్షిణ ధ్రువం అవుతుంది. మొన దక్షిణం వైపు చూస్తుంది.

ఇప్పుడు ఆ సూదిని గుడ్డలో చుట్టి, పటకారుతో మీరే రెండుగా విరవండి. పిల్ల చేతికి ఇవ్వకండి, ముక్క ఎగిరి కంట్లో పడితే ప్రమాదం. రెండు ముక్కలనూ విడివిడిగా నీళ్లపై తేలనివ్వండి. రెండూ ఉత్తర దక్షిణాలుగానే నిలుస్తాయి. బెజ్జం ముక్కకు విరిగిన చోట కొత్త దక్షిణ ధ్రువం పుట్టింది, మొన ముక్కకు విరిగిన చోట కొత్త ఉత్తర ధ్రువం పుట్టింది. తిరునాళ్ల జనాన్ని మధ్యలో గీత గీసి విడదీసినా, రెండు గుంపులూ రథం వైపే చూస్తుంటాయి కదా. ఎన్ని ముక్కలు చేసినా ఇంతే. ఒంటి ధ్రువం ఉండవచ్చని 1931లో డిరాక్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టి చెప్పాడు. అప్పటి నుంచీ వెతుకుతూనే ఉన్నారు, ఇంతవరకూ చిక్కలేదు. మీ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్న కాదు.

సూది ఉత్తరానికే ఎందుకు తిరుగుతుందంటే భూమి స్వయంగా ఒక పెద్ద అయస్కాంతం కాబట్టి. గిల్బర్ట్ అనే ఇంగ్లండు వైద్యుడు సూదంటురాయిని బంతిలా చెక్కి, దాని చుట్టూ చిన్న సూదిని తిప్పి చూసి 1600లో ఈ మాట ప్రకటించాడు. ఇక్కడొక తిరకాసు ఉంది. సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి. మరి మన సూది ఉత్తర ధ్రువాన్ని భూమి ఉత్తరం లాగుతోందంటే, అక్కడ ఉన్నది అయస్కాంతపరంగా దక్షిణ ధ్రువమే కావాలి. అంతే, అదే నిజం. పరీక్షలో ఈ ప్రశ్న వేస్తే సగం తరగతి నా మీద అలిగేది. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ కొంత తేడా ఉంటుంది. తెలుగు నేల మీద అది రెండు డిగ్రీలలోపే కాబట్టి పిల్లల ప్రయోగానికి పట్టించుకోనక్కరలేదు.

ఆకర్షణ కన్నా వికర్షణ ముఖ్యమని ప్రాజెక్టులో రాయమనండి. ఒక ఇనుప ముక్క అయస్కాంతానికి అతుక్కుందంటే అది అయస్కాంతం కావచ్చు, ఉత్త ఇనుమూ కావచ్చు. నెట్టిందంటే మాత్రం అది అయస్కాంతమే, సందేహం లేదు. దీని మీద నేను ప్రతి ఏడూ ఒక పొడుపు వేసేవాడిని. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు కడ్డీలు బల్ల మీద పెట్టేవాడిని. ఒకటి అయస్కాంతం, ఒకటి ఇనుము. దారం లేదు, మేకు లేదు, మూడో వస్తువేదీ లేదు. ఏది ఏదో చెప్పాలి. పిల్లలు కొనకు కొన ఆనించేవారు, అతుక్కునేది, ఎటు తిప్పినా అతుక్కునేది. ఏది దేన్ని లాగుతోందో తేలేది కాదు. ఒక ఏడు ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ కుర్రాడు లేచి వచ్చి, ఒక కడ్డీ కొనను రెండోదాని నడుముకు ఆనించాడు. అతుక్కోలేదు. కడ్డీలు మార్చి ఆనించాడు. ఠక్కున పట్టుకుంది. "ఇదండీ" అని చేతిలోది చూపించి వెళ్లి కూర్చున్నాడు. అయస్కాంతం బలమంతా కొనల దగ్గరే, నడుము దగ్గర లాగుడు దాదాపు ఉండదు. కాబట్టి నడుముకు అతికించగలిగిన కడ్డీ ఏదో అదే అయస్కాంతం. మీ ఇంట్లో కడ్డీలు లేకపోతే అయస్కాంతంగా మార్చిన సూదినీ, మామూలు సూదినీ వాడి ప్రయత్నించవద్దు, లాగుడు మరీ తక్కువై తేడా తెలియదు. బడి ప్రయోగశాలలో అడిగి తీసుకోండి.

గుండ్రటి అయస్కాంతం మీద ధ్రువాల గుర్తులుండవు. పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన చక్రంలాంటి దానికి ధ్రువాలు రెండు బల్లపరుపు ముఖాల మీద ఉంటాయి. దారం కట్టి, ముఖాలు పక్కకు చూసేలా వేలాడదీస్తే ఉత్తరం వైపు తిరిగిన ముఖం ఉత్తర ధ్రువం. మా చిన్నప్పుడు అలాంటి చక్రానికి తాడు కట్టి ఇసుకలో ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లం. సాయంత్రానికి దాని ఒంటి నిండా నల్లటి గడ్డం మొలిచేది. అది ఇనుప రజను అనుకునేవాళ్లం. నిజానికి అందులో చాలావరకు మాగ్నటైట్, అంటే సూదంటురాయి పొడే. భీమునిపట్నం తీరంలో నల్లటి ఇసుక చారలు చూసే ఉంటారు. అక్కడ అయస్కాంతాన్ని ముంచితే చాలు. ఒక్క జాగ్రత్త, అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంచండి. తర్వాత సంచి తిరగేస్తే పొడి రాలిపోతుంది. లేకపోతే ఆ గడ్డం గీయడం మంగలివల్ల కూడా కాదు. ఆ పొడిని ఎండబెట్టి దాచుకుని, తెల్ల కాగితం మీద చల్లి, కింద అయస్కాంతం పెట్టి కాగితాన్ని వేలితో తడితే బలరేఖలు, అంటే అయస్కాంతపు బలం సాగే దారులు, తీరుగా కనిపిస్తాయి.

అడ్డం పెట్టినా లాగుతుందా అంటే, కాగితం, చెక్క, గాజు, నీళ్లు, మీ పళ్లెం కూడా దానికి అడ్డు కావు. పళ్లెం మీద గుండుసూది పెట్టి అడుగున అయస్కాంతం తిప్పితే సూది నాట్యం చేస్తుంది. అదే దోసెల ఇనుప పెనం మీద పెడితే, మామూలు అయస్కాంతానికి సూది దాదాపు కదలదు. పెనం ఆ బలాన్ని తనలోనే పంచుకుని పైకి రానివ్వదు.

ఉపయోగాల దగ్గర ప్రాజెక్టులన్నీ ఒకే పాట పాడతాయి: ఫ్యాను, మిక్సీ, రైలు. కాస్త ఆగండి. మన ఇళ్లలో చాలా కాలంగా తిరుగుతున్న మామూలు సీలింగు ఫ్యానులో శాశ్వత అయస్కాంతం లేనే లేదు. మిక్సీలోనూ లేదు. వాటిలో తీగచుట్టలే కరెంటు పారినంతసేపు అయస్కాంతాలవుతాయి. ఈమధ్య వచ్చిన కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యానుల్లో మాత్రం నిజంగా అయస్కాంతాలుంటాయి. బొమ్మ కారు విప్పి మోటారు చూపించండి, వంపు తిరిగిన రెండు అయస్కాంతాలు గోడకు అతికించి కనిపిస్తాయి. తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి కదులుతుందని 1820లో అయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త గమనించాడు. మోటార్ల కథంతా అక్కడి నుంచే.

నేనైతే ప్రాజెక్టులో వీధిని రాయమంటాను. పాత సామాన్లు కొనే అతని తోపుడుబండిలో ఒక అయస్కాంతం ఉంటుంది. ఇత్తడి అని మీరిచ్చిన కుళాయికి దాన్ని ఆనించి చూస్తాడు, అతుక్కుంటే పైన పూతే, లోపల ఇనుము, ధర ఇనుము ధరే. దర్జీ నేల మీద చెదిరిన గుండుసూదులను అయస్కాంతంతో ఏరుకుంటాడు. పిండిమిల్లుల్లో, రైసుమిల్లుల్లో ధాన్యం జారే దారిలో అయస్కాంతం పెట్టి మేకు ముక్కలను ఆపుతారు. గడ్డితోపాటు మేకులు మింగే ఆవుల కోసం పాడి పరిశ్రమ పెద్దదైన దేశాల్లో ఒక నున్నటి అయస్కాంతాన్ని ఆవు చేతే మింగిస్తారు. అది కడుపులోనే ఉండిపోయి మేకులను తనకు అంటిపెట్టుకుని, అవి కడుపు గోడనూ గుండెనూ గుచ్చకుండా చూస్తుంది. పిల్లలు ఈ ఒక్కటీ జన్మలో మరచిపోరు. ఇక ఇంట్లో ఫ్రిజ్ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలో అయస్కాంతపు పొడి ఉంటుంది. చిన్న మేకు దగ్గరికి తీసుకెళ్లండి, పట్టుకుంటుంది. ఫ్రిజ్ మీద అతికించే బొమ్మలు రెండు తీసుకుని వీపులు ఆనించి ఒకదాని మీద ఒకటి జరిపితే గరగరమని ఎగిరెగిరి పడుతున్నట్టు తెలుస్తుంది. ఉత్తరం, దక్షిణం చారలు చారలుగా వేసి ఉంటాయి అందులో. తాతగారి సైకిలు డైనమో అటక మీద ఉంటే దించండి, అందులో తిరిగేది అయస్కాంతమే.

అయస్కాంతపు గొలుసులు, నీళ్లకు అయస్కాంతం పెట్టి తాగితే రోగాలు పోతాయనడం, ఇవి ప్రాజెక్టులోకి రానివ్వకండి. రుజువు లేదు. రక్తంలో ఇనుము ఉంది కదా అంటారు. ఉంది, కానీ మేకులో ఉన్నట్టు కాదు, అయస్కాంతం దాన్ని లాగి పట్టుకోలేదు. పళ్లెం కథే మళ్లీ.

చివరిగా కొనడం గురించి. ఆరో తరగతి పిల్లకు ఒక జత దండాయస్కాంతాలు, ఒక దిక్సూచి, ఒక పాత స్పీకరు చక్రం చాలు. మీరడిగిన బాగా బలమైన రకం, అంటే నియోడిమియం అనే లోహం కలిపి చేసే అయస్కాంతాల్లో, బఠానీ గింజంత మెరిసే బంతులు మాత్రం వద్దు, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే అసలే వద్దు. ఒకటి మింగితే బయటికి పోవచ్చు. రెండు మింగితే, లేదా ఒక అయస్కాంతం, ఒక ఇనుప ముక్క మింగితే, పేగుల్లో వేర్వేరు మడతల నుంచి ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో చిక్కిన పేగుకు చిల్లి పెడతాయి. మింగారని అనుమానం వచ్చినా సరే, కడుపునొప్పి వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి, అయస్కాంతం అని డాక్టరుకు ముందే చెప్పాలి. పెద్ద నియోడిమియం బిళ్లలు వేళ్లను నలిపేస్తాయి, ఒకదానికొకటి కొట్టుకుని పెచ్చులుగా చిట్లుతాయి. గుండెకు పేస్‌మేకర్ పెట్టుకున్నవారు ఇంట్లో ఉంటే వారి ఛాతీ దగ్గరికి ఏ అయస్కాంతాన్నీ తేవద్దు.

దండాయస్కాంతాలు కొన్నాక డబ్బాలో ఎలా పెట్టి ఇచ్చారో చూసి అలాగే దాచండి. రెండూ పక్కపక్కనే, ఒకదాని ఉత్తరం పక్కన రెండోదాని దక్షిణం, మధ్యలో చెక్క ముక్క, రెండు చివర్లలో చిన్న ఇనుప పలకలు. ఆ పలకలు ప్యాకింగు సామాను అనుకుని పారేస్తారు చాలామంది. వాటివల్లే బలం కొన నుంచి కొనకు చుట్టు తిరిగి నిలుస్తుంది, లేకపోతే నాలుగైదేళ్లలో మీ అమ్మాయి తమ్ముడి ప్రాజెక్టుకు గుండుసూది కూడా ఎత్తలేని ఉత్త ఇనుప కడ్డీలు మిగులుతాయి.